ఆకాశపు కన్ను, అడవి లెక్క

ఉపగ్రహం నుండి తీసిన అడవి చిత్రాన్ని మొదటిసారి చూచిన విద్యార్థి సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: "అడవి ఎర్రగా ఉన్నదేమిటి?" నల్లమల గాని, ఆదిలాబాదు టేకు అడవులు గాని, తూర్పు కనుమలలోని మన్యం గాని ఆ చిత్రంలో పచ్చగా కనబడవు, కుంకుమ ఆరబోసినట్లు ఎర్రగా కనబడతాయి. కృష్ణా గోదావరులు నల్లని చారలై సాగుతాయి. హైదరాబాదు వంటి నగరం బూడిదరంగు కలిసిన నీలి మరకవలె ఉంటుంది. ఇది ముద్రణ దోషం కాదు. ఆ ఎరుపు ఎక్కడి నుండి వచ్చినదో తెలిస్తే ఈ విద్యలో సగం తెలిసినట్లే. ఆ ఎరుపును కొలిచి, "ఇంత అడవి ఉన్నది, ఇంత పోయినది" అని లెక్క చెప్పుట మిగిలిన సగం. అది మొదటి సగం కంటే చాలా చిక్కైనది. ఈ వ్యాసంలో అధిక భాగం దానికే వినియోగించదలచాను.

ముందుగా ఆకు సంగతి చూద్దాము. సూర్యకాంతి ఆకుపై పడినప్పుడు అందులోని పత్రహరితం ఎరుపు, నీలి కిరణాలను ఆహార తయారీకి శోషించుకొంటుంది. ఆకుపచ్చ కిరణాలను కొంత మేరకు వెనుకకు పంపుతుంది. అందువలననే ఆకు మన కంటికి పచ్చగా కనబడుతుంది. కాని ఎరుపునకు ఆవల, మన కన్ను చూడలేని పరారుణ కిరణాల విషయంలో ఆకు ప్రవర్తన వేరు. ఆకు లోపల స్పంజి వంటి కణజాలం ఉన్నది. కణాల నడుమ గాలి ఖాళీలు ఉండుటచేత, ఆ కణజాలం తనపై పడిన సమీప పరారుణ కాంతిలో దాదాపు సగాన్ని వెనుకకు తిప్పి పంపుతుంది. అనగా ఆకు మన కంటికి చూపే పచ్చదనం కంటే అనేక రెట్లు ప్రకాశవంతంగా, మనకు కనబడని వెలుగులో మెరుస్తూ ఉంటుంది. ఉపగ్రహంలోని సాధనం ఆ వెలుగును పట్టుకొంటుంది. దానిని మన కంటికి చూపవలెనంటే ఏదో ఒక రంగు ఇవ్వవలసినదే గదా! శాస్త్రజ్ఞులు దానికి ఎరుపు కేటాయించినారు. అసలు ఎరుపునకు ఆకుపచ్చను, అసలు ఆకుపచ్చకు నీలిని ఇచ్చినారు. ఈ మారువేషపు చిత్రంలో అడవి ఎర్రబడుటకు కారణమిదే.

ఆకు జబ్బుపడినప్పుడు, కంటికి పసుపు కనబడక ముందే ఈ పరారుణ కాంతిలో మార్పు రావచ్చును. మన దేశంలో రిమోట్ సెన్సింగ్, అనగా తాకకుండా దూరం నుండి తెలుసుకొనే విద్య, ఈ సూత్రంతోనే మొదలైనది. 1970లో ఆచార్య పిషారోటి నాయకత్వంలో కేరళలోని కొబ్బరి తోటల మీదుగా హెలికాప్టరు నడిపి, పరారుణ ఫిల్ముపై ఛాయాచిత్రాలు తీసి, వేరు తెగులు సోకిన చెట్లను గుర్తించు ప్రయత్నం చేసినారు. 1972 జూలై 23న అమెరికా ప్రయోగించిన మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహం ఇదే పనిని సుమారు తొమ్మిది వందల కిలోమీటర్ల ఎత్తు నుండి చేయసాగినది. అది పద్దెనిమిది రోజులకొకసారి అదే చోటి మీదికి తిరిగి వచ్చేది. ఒక్కొక్క చిత్రంలో 185 కిలోమీటర్ల వెడల్పు గల నేలను చూపేది. 1974లో హైదరాబాదులో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడినది. 1979 నుండి నగరానికి దక్షిణాన ఉన్న షాద్‌నగర్ కేంద్రంలో లాండ్‌శాట్ సంకేతాలను నేరుగా అందుకొనుట మొదలైనది. 1988 మార్చి 17న మన స్వంత ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఎ కక్ష్యలో చేరినది. బాలానగర్‌లోని ఆ సంస్థకు 2008 నుండి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమని పేరు. దేశపు అడవులను ఆకాశం నుండి లెక్కించు పని మొట్టమొదట చేసినది మన నగరపు సంస్థయే అన్న సంగతి మన విద్యార్థులలో చాలమందికి తెలియదు.

లెక్క ఎట్లు చేస్తారు? ఉపగ్రహం నేలను చిన్న చిన్న చదరపు గడులుగా విభజించి, ఒక్కొక్క గడి నుండి వచ్చిన ఎరుపు కాంతి ఎంత, పరారుణ కాంతి ఎంత అని అంకెలు పంపుతుంది. పరారుణంలో నుండి ఎరుపును తీసివేసి, ఆ వచ్చిన దానిని రెండింటి మొత్తంతో భాగిస్తే ఒక సూచిక లభిస్తుంది. దట్టమైన చెట్లున్న గడి పరారుణ కాంతిని నూటికి 50, ఎరుపును నూటికి 8 వంతున తిప్పి పంపినదనుకొందాము. 42ను 58తో భాగిస్తే 0.72 వస్తుంది. బీడు నేల 30, 25 వంతున పంపినదనుకొంటే 5ను 55తో భాగించగా 0.09. నీరు పరారుణాన్ని మింగివేస్తుంది గనుక అక్కడ ఈ సూచిక సున్నకు దిగువకు పోతుంది. ఎనిమిదవ తరగతి బాలుడు చేయగల భాగహారమే ఇది. కాని దీనితోనే ఒక దేశపు పచ్చదనాన్ని గడి గడిగా పట్టికకు ఎక్కించవచ్చును. వేర్వేరు సంవత్సరాల పట్టికలను ఒకదానిపై నొకటి ఉంచి తీసివేత చేస్తే మార్పు తేలుతుంది.

ఇక్కడే తొందరపాటు కూడదు. మన అడవులలో అధిక భాగం ఆకురాల్చే అడవులు. మాఘ ఫాల్గుణాలు వచ్చేసరికి టేకు చెట్టు మోడై నిలుస్తుంది. ఒక సంవత్సరం నవంబరులో తీసిన చిత్రాన్ని, మరొక సంవత్సరం ఏప్రిల్‌లో తీసిన చిత్రాన్ని పోల్చినవానికి అడవి అడవంతా నరికివేసినట్లు కనబడుతుంది. నిజానికి ఒక్క చెట్టు కూడా పడి ఉండకపోవచ్చును. అందుచేతనే డెహరాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ సాధారణంగా అక్టోబరు, డిసెంబరు మాసాల నడిమి చిత్రాలను తీసుకొంటుంది. వానలు వెలిసి, ఆకాశం తేటపడి, ఆకు ఇంకా రాలని రోజులవి. కొండల నీడలు, పండిన చేలు, ఆకాశంలోని ధూళి కూడా అంకెలను మారుస్తాయి. వీటినన్నింటిని సరిదిద్దిన తరువాతనే తీసివేతకు విలువ.

ఇప్పుడు అంకెల సంగతికి వద్దాము. హైదరాబాదు సంస్థ 1972-75 మధ్య తీసిన లాండ్‌శాట్ చిత్రాలను, 1980-82 నాటి చిత్రాలను పోల్చి 1984లో ప్రకటించిన ఫలితం దేశాన్ని ఉలికిపడజేసినది. మొదటి కాలంలో దేశ భూభాగంలో 16.89 శాతం అడవి. రెండవ కాలంలో 14.10 శాతం. అనగా ఏడెనిమిదేండ్లలో తొంబది వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి కనుమరుగైనట్లు. నేటి తెలంగాణ వైశాల్యంలో సుమారు ఐదింట నాలుగు వంతులు! 1952 నాటి జాతీయ అటవీ విధానం భూభాగంలో మూడింట ఒక వంతు అడవి ఉండవలెనని చెప్పినది. ప్రభుత్వ పత్రాలలో అడవిగా నమోదైన నేల నూటికి ఇరవై పాళ్లకు పైగా ఉండేది. కాగితం మీది అడవికి, నేల మీది అడవికి గల దూరాన్ని దేశం మొదటిసారి కండ్లారా చూచినది అప్పుడే.

మూడేండ్లు తిరగక ముందే, 1987లో, అటవీ సర్వేక్షణ సంస్థ తన మొదటి నివేదికను వెలువరించినది. అదే లాండ్‌శాట్ శ్రేణి చిత్రాలు, 1981-83 నాటివి. ఫలితం మాత్రం 6,40,819 చదరపు కిలోమీటర్లు, అనగా 19.49 శాతం. రెండు సంస్థలు, దాదాపు ఒకే కాలపు చిత్రాలు. తేడా నేటి ఆంధ్రప్రదేశ్ వైశాల్యం కంటే ఎక్కువ! ఎవరో ఒకరు అబద్ధమాడినారని అనుకొనరాదు. ఆ రోజులలో చిత్రాన్ని బల్లపై పరచి, రంగును, నునుపును, ఆకారాన్ని కంటితో చూచి గీతలు గీసేవారు. పలుచని అడవిని ఎక్కడ వరకు అడవి అనవలెను, ఎక్కడి నుండి పొద అనవలెను అన్నది గీసేవాని చేతిలో ఉండేది. తరువాత రెండు సంస్థల నిపుణులు కూర్చుండి సరిచూచుకొనగా పందొమ్మిదిన్నర శాతం దగ్గర అంగీకారం కుదిరినది.

మరొక ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. పటంపై రెండు మిల్లీమీటర్ల చదరం కంటె చిన్నదానిని గీయుట కష్టం. 1987లో పటం కొలత పది లక్షలకు ఒకటి. ఆ కొలతలో రెండు మిల్లీమీటర్లనగా నేలపై రెండు కిలోమీటర్లు. కాబట్టి 400 హెక్టార్ల కంటె చిన్న అడవి తునక లెక్కలోనికి రాలేదు. తరువాత కొలత రెండున్నర లక్షలకు ఒకటి అయినప్పుడు హద్దు 25 హెక్టార్లకు దిగినది. 2001లో గణక యంత్రాల సాయంతో 1:50,000 కొలతకు వచ్చేసరికి ఒక్క హెక్టారు తోపు కూడా పటమెక్కినది. ఫలితమేమి? 1999 నివేదికలో 6,37,293 చదరపు కిలోమీటర్లున్న అడవి 2001 నివేదికలో 6,75,538 అయినది. రెండేండ్లలో ముప్పది ఎనిమిది వేల చదరపు కిలోమీటర్ల అడవి మొలవలేదు. పెరిగినదానిలో ప్రధాన భాగం కంటి చూపే. ఈ సంగతి తెలియక రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి సంతోషించినవారూ ఉన్నారు.

కన్ను మెరుగైనా మరొక ప్రశ్న మిగిలే ఉన్నది: అడవి అనగా ఏమి? ఉర్దూలో మనము జంగల్ అంటాము. ఆ మాటకు మూలం సంస్కృతపు జాంగలం. విచిత్రమేమనగా, ప్రాచీన ఆయుర్వేద గ్రంథాలలో జాంగల దేశమంటే నీరు తక్కువై, చెట్లు అక్కడక్కడ పలుచగా నిలిచే మెట్ట భూమి. ఆ మాట కాలక్రమంలో దట్టమైన అడవికి పేరైనది. తెలుగువాడు కారడవి, చిట్టడవి అని వేరు వేరు మాటలు పెట్టుకొన్నాడు. సర్వేక్షణ సంస్థవారు చేసినది కూడ ఒక విధంగా అదే. పైనుండి చూచినప్పుడు కొమ్మల పందిరి నేలలో నూటికి 70 పాళ్లకు మించి కప్పితే అతి దట్టమైన అడవి. 40 నుండి 70 వరకు మధ్యమం. 10 నుండి 40 వరకు పలుచని అడవి. 10కి లోపల ఉన్నది చిట్టడవి పొద. దానిని అడవి మొత్తంలో కలుపరు. 2021 నివేదికలోని 7,13,789 చదరపు కిలోమీటర్లలో అతి దట్టమైనది 99,779 మాత్రమే, పలుచనిది 3,07,120. 2023 నివేదిక ప్రకారం మొత్తం 7,15,343 చదరపు కిలోమీటర్లు, 21.76 శాతం. ఈ మొత్తాన్ని మాత్రమే చదివినవారికి లోపలి ఈ తారతమ్యం తెలియదు.

అంతకంటె ముఖ్యమైనది, ఈ నిర్వచనంలో భూమి ఎవరిదన్న ప్రశ్న లేదు. చెట్టు ఏ జాతిదన్న ప్రశ్న కూడ లేదు. ఒక హెక్టారు మించిన స్థలంలో పందిరి నూటికి పదిపాళ్లుంటే చాలును. మామిడి తోట, కొబ్బరి తోట, కాగితపు మిల్లు కొరకు వేసిన జామాయిల్ వరుసలు, అన్నియు అటవీ ఆచ్ఛాదనగానే లెక్కకు వస్తాయి. 2021 నివేదికలో దేశంలో అన్ని రాష్ట్రాల కంటె ఎక్కువగా ఆంధ్రప్రదేశ్‌లో 647, తరువాత తెలంగాణలో 632 చదరపు కిలోమీటర్ల పెరుగుదల చూపినారు. సంతోషింపవలసినదే. కాని ఆ అంకెలో నూరేండ్ల నాటి వేగిచెట్టు నీడ ఎంత, నాలుగేండ్లకు కొట్టివేయు జామాయిల్ ఎంత అని అడిగితే ఆ ఒక్క అంకె జవాబు చెప్పదు. ఒకచోట కారడవి పోయి, మరొకచోట అంతే విస్తీర్ణంలో తోట లేస్తే, తీసివేతలో సున్న వస్తుంది. అడవిలో తేనె తీసి బ్రతికే చెంచువానికి మాత్రం ఆ రెండూ సమానం కావు.

పైనుండి అసలే కనబడనిది మరొకటి ఉన్నది. శేషాచలం, లంకమల కొండలలో పెరిగే ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా మరెక్కడా ఇంతగా లేదు. దొంగ అడవినంతా నరకడు; ముదిరిన ఎర్రచందనపు చెట్టునొక్కదానిని ఎంచుకొని పడగొట్టి దుంగలు మోసుకొనిపోతాడు. మన ఉపగ్రహపు గడి ప్రక్క 23.5 మీటర్లనుకొందాము, వైశాల్యం 552 చదరపు మీటర్లు. ఆ చెట్టు కొమ్మలు ఇరవై చదరపు మీటర్లు కప్పినా, అది గడిలో నూటికి నాలుగు పాళ్లు కూడ కాదు. ప్రక్క చెట్ల కొమ్మలు ఆ సందును త్వరలోనే పూడ్చివేస్తాయి. చిత్రంలో ఎరుపు చెక్కుచెదరదు. అడవిలో అత్యంత విలువైన చెట్లన్నీ పోయినా, "మార్పు లేదు" అని పట్టిక చెప్పవచ్చును.

ఇందుకు విరుద్ధంగా, చిత్రంలో కనబడినదానికి ఎక్కువ విలువ ఇచ్చుట వలన కలిగే కష్టం కూడ ఉన్నది. దానికి గురైనవారు పోడు వ్యవసాయం చేసుకొనే గిరిజనులు. 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి సాగులో ఉన్నట్లు చూపితే హక్కు పత్రం పొందవచ్చును. పత్రాలు లేని కుటుంబం సాగు చేసినట్లు ఋజువేమి? పాత ఉపగ్రహ చిత్రం చూద్దామనుట సహజమే. కాని గణితం చూడండి. ఒక ఎకరా సుమారు 4,047 చదరపు మీటర్లు. 23.5 మీటర్ల గడులలో అది ఏడింటికి కొంచెము ఎక్కువ. అంచున ఉన్న గడులలో సగం చేను, సగం అడవి కలగలిసి ఉంటాయి గనుక, పూర్తిగా చేనికే చెందిన గడులు ఒకటో, రెండో, మహా అయితే నాలుగో మిగులుతాయి. మొదటి లాండ్‌శాట్ ఎనుబది మీటర్ల గడిలో ఎకరా నేల ఒక గడినైనను నింపదు. పైగా పోడు చేనులో ఇప్పచెట్టును, చింతచెట్టును, తునికిని నరకరు. వాటి ఫలమూ ఆకూ వారి జీవనాధారం. అటువంటి చేను ఆకాశం నుండి పలుచని అడవివలె కనబడుటలో వింత లేదు. ఆ చిత్రాన్నే చూచి "ఇక్కడ సాగు లేదు" అని తీర్పు చెప్పితే ఒక కుటుంబం అన్నం పోతుంది. ఈ ప్రమాదం గుర్తించే 2012లో సవరించిన నిబంధనలలో ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చునే గాని, వాటికి బదులుగా ఉండరాదని వ్రాసినారు. ఊరి పెద్దల వాఙ్మూలం, పాత సమాధి, బావి, గట్టు, చేతితో నాటిన చెట్టు, ఇవి కూడ సాక్ష్యాలే. నా దృష్టిలో ఈ విద్యను గురించి ప్రభుత్వం వ్రాసిన వాక్యాలలో ఇంత వివేకవంతమైనది మరొకటి లేదు.

నగర విద్యార్థికి మన్యం దూరమనిపించవచ్చును. కాని ఇదే చిక్కు నగరంలోనూ తలెత్తినది. 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ప్రక్కనున్న కంచ గచ్చిబౌలిలో నాలుగు వందల ఎకరాల నేలపై యంత్రాలు దిగినప్పుడు, అది అడవి కాదని రాష్ట్ర ప్రభుత్వం వాదించినది. అడవియేనని విద్యార్థులు వాదించినారు. ముందు, తరువాత తీసిన ఉపగ్రహ చిత్రాలు ప్రక్కప్రక్కన ప్రచురితమైనవి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను నిలిపివేయుమని ఆదేశించినది. పత్రాలలో ఏ పేరున ఉన్నా, నిఘంటువు అర్థంలో అడవి అయిన నేలకు అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుందని అదే న్యాయస్థానం 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో చెప్పి ఉన్నది. అక్కడ ఉపగ్రహం చేసిన మేలు, నేల ముందురోజు ఎట్లుండెనో ఎవరూ కాదనలేని విధంగా చూపుట. దానికి ఏ పేరు పెట్టవలెనో చెప్పుట దాని పని కాదు.

చిత్రం ఎంత త్వరగా చేతికి వస్తే అంత ప్రయోజనమనుటకు బ్రెజిల్ దేశం నిదర్శనం. అక్కడి అంతరిక్ష సంస్థ 1988 నుండి అమెజాన్ అడవుల వార్షిక నష్టాన్ని లెక్కిస్తున్నది. 2004లో, నరికివేత జరుగుతుండగానే హెచ్చరిక పంపు పద్ధతిని ప్రారంభించినది. ఆ ఏడు 27,772 చదరపు కిలోమీటర్లున్న నష్టం 2012 నాటికి 4,571కి తగ్గినది. ఇది ఒక్క ఉపగ్రహం ఘనత కాదు. హెచ్చరిక అందిన వెంటనే అడవిలోనికి వెళ్లే ఉద్యోగి, వెనుక నిలిచే ప్రభుత్వం ఉండినవి. 2019లో ఈ అంకెలు రుచించని అధ్యక్షునితో వివాదం వచ్చి ఆ సంస్థ అధిపతి పదవి కోల్పోయినాడు.

వానాకాలంలో మబ్బులు కమ్మితే సాధారణ ఉపగ్రహం గుడ్డిది. ఆ లోటు తీర్చుటకు రాడార్ ఉపగ్రహాలున్నవి. అవి తామే తరంగాలను పంపి, తిరిగి వచ్చినవానిని వింటాయి. మబ్బుతో, చీకటితో వాటికి పని లేదు. 2025 జూలై 30న శ్రీహరికోట నుండి ఎగసిన నైసార్, భారత అమెరికాలు కలిసి నిర్మించినది, పన్నెండు రోజులకొకసారి అదే మార్గంలో తిరిగి వస్తుంది. దాని పొడవైన తరంగాలు ఆకులను దాటి కొమ్మలు, మ్రానుల వరకు చొరబడతాయి గనుక, పందిరి క్రింద ఎంత కలప నిలిచి ఉన్నదో అంచనా కట్టుటకు వీలు కలుగుతుంది.

ఇదంతా పెద్ద సంస్థల వ్యవహారమని మన విద్యార్థులు అనుకొనవలసిన పని లేదు. లాండ్‌శాట్ పాత చిత్రాలన్నీ 2008 నుండి ఉచితంగా లభిస్తున్నవి. మన దేశపు భువన్ పటాలు 2009 నుండి అందుబాటులో ఉన్నవి. భూగోళ శాస్త్ర విద్యార్థులు ఇద్దరు, వృక్షశాస్త్రం వారు ఇద్దరు కలిసి తమ ఊరి దగ్గరి ఒక గుట్టను ఎంచుకొని, ఇరవై ఏండ్ల ఎడంగా ఉన్న రెండు నవంబరు చిత్రాలను తీసుకొని, పైన చెప్పిన భాగహారం చేయవచ్చును. మార్పు కనబడిన గడులను ఒక కాగితంపై గుర్తించుకొని, ఆ కాగితంతో గుట్ట ఎక్కవలెను. తగ్గినచోట నరికినారా, కాలినదా, క్వారీ వచ్చినదా? పెరిగినచోట మొలిచినది మద్దిచెట్టా, సర్కారు తుమ్మా? ప్రక్క చేనులో పనిచేయుచున్న ముసలివానిని అడిగి అతడు చెప్పినది కూడ తేదీతో సహా వ్రాసుకొనవలెను. గడి సంఖ్య ఒక వరుసలో, అతని మాట దాని ఎదుటి వరుసలో.